‘నా యొద్దకు రండి’ అని గేటు మీద రాసినంక
(మహబూబ్‌నగర్‌లో సంఘ పెద్దలు, స్త్రీల సమాజం నాయకురాళ్లు, సండే స్కూల్ టీచర్ల శిక్షణ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు వందనాలు. నారాయణపేట నుంచి, దేవరకొండ నుంచి మొదటి బస్సుకు వచ్చినోళ్లున్నరు. మళ్లీ సాయంత్రం బస్సు అందుకోవాలె గనుక నేరుగ పనిలోకి పోదాం.

మన మందిరాల గేట్ల మీద ఎక్కువగా కనపడే వాక్యం ఒకటుంది. ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి.’ మత్తయి సువార్త 11వ అధ్యాయం. ఆ వాక్యం చదివి మనుషులు వస్తనే ఉన్నరు. ఒక ఆదివారం వస్తరు, రెండో ఆదివారం వస్తరు, నాలుగో ఆదివారానికి కనపడరు. విశ్వాసం చాలలేదు అని మనం తీర్మానం చేసేస్తం. మీ సంఘంలో ప్రేమ ఉన్నదా లేదా అని ఇయ్యాల నేను అడగను, ఉన్నదనే అనుకుంట. ఏర్పాటు ఉన్నదా అని అడుగుత. ఎందుకంటే వచ్చిన మనిషి ఆగిపోయేది చిన్న చిన్న జాగల్లో. కూర్చునే కాడ, ప్రభు భోజనపు బల్ల కాడ, రిజిస్టర్ కాడ, చివరికి సమాధులుండే బొందలగడ్డ కాడ.

మొదటి పది నిమిషాల సంగతి చూద్దాం. తలుపు కాడ నిలబడ్డ పెద్దమనిషి ప్రేమతోనే అడుగుతడు: ‘ఏ ఊరమ్మా? ఇంటిపేరేంది? ఎవరి తాలూకు?’ మన దిక్కు ఇంటిపేరు, వాడ అడిగితే కులం అడిగినట్టే. అడిగినాయనకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, జవాబు చెప్పే మనిషికి మాత్రం అది తెలుసు. ‘ఎవరి తాలూకు’ అన్న మాట భర్త విడిచిపెట్టిన ఆడమనిషికి, ఇంట్లోంచి వెళ్లగొట్టిన పిల్లకు ఇంకా కష్టం. అందుకని తలుపు కాడ ఉండేటోళ్లకు మూడు మాటలు నేర్పండి. ‘వందనాలు. పేరు ఏమని పిలవాలె? ఎక్కడ కూర్చుంటే మీకు వీలు?’ అంతే. ఫోను నంబరు మొదటి వారం అడగొద్దు, ఇస్తే తీసుకోండి. ముఖ్యంగా, కొత్తగా వచ్చినోళ్లను లేపి నిలబెట్టి సాక్ష్యం చెప్పమనొద్దు. తాగుడు మానుకుందామని వచ్చినాయన, మొగుడి దెబ్బలు పడలేక వచ్చినామె, ఆ కథ మైకులో చెప్పినంక ఊరంత తెలిసిపోతది. మళ్లీ ఆదివారం ఏ మొహంతో వస్తరు?

తలుపు కాడ నిలబడే డ్యూటీ ఒక్క కుటుంబానికే ఇవ్వొద్దు. నెలకు ఇద్దరి చొప్పున మార్చండి, అందులో ఒకరు ఆడమనిషి, ఒకరు ఆ సంఘంలో చేరి రెండేండ్లు దాటని మనిషి అయి ఉండాలె. కొత్తగా వచ్చినప్పుడు ఎట్లుంటదో మనకు గుర్తుండదు, వాళ్లకు ఉంటది.

ఇప్పుడు కూర్చునే సంగతి. చాపల మీద అందరం సమానంగ కూర్చుంటం గదా, ఇంకేం కలుపుకోవాలె అని కొందరు పెద్దలు అంటరు. నల్లగొండ జిల్లా దిక్కు మర్రిగూడ, మునుగోడు, చండూరు వాళ్లు ఇక్కడున్నరు, వాళ్లను అడగండి. ఫ్లోరైడు నీళ్లు ఏండ్ల తరబడి తాగినోళ్లకు వెన్ను వంగిపోతది, మోకాళ్లు బిగుసుకపోతయి, మెడ తిప్పలేరు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఫ్లోరైడుకు ఆఖరి హద్దు. దాన్ని ఎన్నో రెట్లు దాటిన బోరునీళ్లు తాగిన తరం మన సంఘాల్లో ఇంకా బతికే ఉన్నది. ఇప్పుడు మంచి నీళ్లొచ్చినా, వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. వాళ్లకు చాప సమానత్వం కాదు. కుర్చీ వెయ్యాలె. ఆ కుర్చీ వెనక గోడకు ఆనించి వేస్తే వాళ్లు మళ్లీ వేరే గుంపు అయిపోతరు. చాపల వరుసల మధ్యలనే, చివర మూల మీద ఒక్కో కుర్చీ వెయ్యండి. అప్పుడు ఇంటోళ్ల పక్కనే ఉంటరు.

మెట్ల కాడ ర్యాంపు కట్టించినమని చాలామంది చెప్తరు. పోయి చూస్తే అది స్కూటర్ ఎక్కించే ర్యాంపు, మూడడుగుల పొడవు, నిటారుగ ఉంటది. లెక్క ఒకటే: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆరంగుళాల మెట్లు రెండుంటే ఒక అడుగు ఎత్తు, అంటే పన్నెండు అడుగుల ర్యాంపు. వెడల్పు కనీసం మూడడుగులు, జాగుంటే నాలుగు. పక్కలకు రెండంగుళాల గట్టు, లేకుంటే చక్రం జారిపోతది. పైన నున్నటి టైల్స్ వెయ్యొద్దు, వానాకాలం మనిషి జారుతడు. గరుకు సిమెంటు చాలు. ముందర పన్నెండు అడుగుల జాగ లేకుంటే గోడ వెంబడి మలుపు తిప్పండి, మలుపు కాడ ఐదడుగుల చదును వదలండి. ఇంత చేసి మరుగుదొడ్డి కింద కూర్చునేదే ఉంచితే, ఆ ముసలామె పొద్దటి నుంచి నీళ్లు తాగకుంట వస్తది, లేదా రావడమే మానేస్తది. ఒక్క కమోడు, గోడకు ఒక పట్టుకునే పైపు పెట్టండి. కొత్త డ్రమ్ సెట్టు కంటే ముందు అది.

డ్రమ్స్ అన్నప్పుడు యాదికొచ్చింది. హార్మోనియం, కీబోర్డు మందిరంలోకి వచ్చినయి గాని డప్పు చాలా చోట్ల గేటు బయట క్రిస్మస్ ఊరేగింపు వరకే. ఎందుకని మీ కమిటీలో ఒకసారి అడిగి చూడండి. జవాబు ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు.

ఇగ బల్ల. కొన్ని సంఘాల్లో ద్రాక్షరసం ఒకే పాత్ర నుంచి ఇస్తరు, కొన్నిట్ల చిన్న గ్లాసులు. శుభ్రతకు చిన్న గ్లాసులు మంచివే, వాదన లేదు. ఒక్కో గ్లాసులో పదిహేను మిల్లీలీటర్లు పోస్తే వంద మందికి లీటరున్నర రసం చాలు. కానీ మన పల్లెల్లో హోటళ్లకాడ దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిచింది, అది మర్చిపోయి చిన్న గ్లాసులు తెస్తే ప్రమాదం. ముందు వరుసకు స్టీలు గ్లాసులు, వెనకాల ప్లాస్టిక్. లేదా పెద్దల కుటుంబాలు తీసుకున్నంకనే ట్రే ఇటు రావడం. ఇవి జరుగుతయి. అన్నీ ఒకే రకం గ్లాసులుండాలె. ట్రే ప్రతి నెలా ఒకే చోట మొదలు కావొద్దు, ఒక నెల ముందు నుంచి, ఒక నెల వెనక నుంచి. మోకాళ్లు వంచలేనోళ్లకు వాళ్లు కూర్చున్న కాడికే తీసుకపోవాలె, అది కూడ అందరికీ ఇచ్చినంక మిగిలింది తీసుకపోయినట్టు కాకుండా, ఆ వరుసతో పాటే.

ద్రాక్షరసం పులిసింది వాడొద్దని నేను గట్టిగ చెప్త. సిద్ధాంతం కోసం కాదు. మన పాలమూరులో కల్తీ కల్లు మానేటప్పుడు మనుషులు వణుకుతరు, ఫిట్స్ వస్తయి, దవాఖానల పడతరు. అట్ల మానుకున్న మనిషికి ఒక్క గుక్క చాలు మళ్లీ మొదలుకావడానికి. నల్ల ఎండు ద్రాక్ష అరకిలో కడిగి, రెండు లీటర్ల నీళ్లలో రాత్రంత నానబెట్టి, పొద్దున పావుగంట మరిగించి, పిసికి, వడకట్టండి. అదే రోజు వాడండి. ముందురోజే చేసి ఎండాకాలం బయట పెడితే అది పులుస్తది, అప్పుడు చేసిన జాగ్రత్త అంత వృథా.

ప్రేమ విందు గురించి ఎక్కువ చెప్పను. వంద మందికి పన్నెండు కిలోల బియ్యం పడతయి, అది మీకే బాగ తెలుసు. చూడాల్సింది వంట ఎవరు చేసిన్రు, వడ్డించింది ఎవరు, కుర్చీ టేబుళ్ల మీద లోపల తిన్నది ఎవరు అన్నది. మాల వాడ, మాదిగ వాడ, బీసీ కుటుంబాలు కలిసున్న సంఘంలో వంట జట్టును ప్రతిసారీ కలిపి వెయ్యండి. ఎస్సీ కోటాను ఉపకులాల మధ్య పంచే వర్గీకరణ చట్టం మన తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి అమలుకొచ్చినంక కొన్ని సంఘాల్లో మాటలు తగ్గినయి. ఎస్సీ కోటాలో ఒక్క శాతం, తొమ్మిది శాతం, ఐదు శాతం అని మూడు గుంపులైనయి, ఆ లెక్క ప్రభుత్వానిది. సంఘం వంటపొయ్యి కాడికి దాన్ని తెచ్చుకోవద్దు. దాని మీద వాదనలుంటే బయట చెట్టు కింద కూర్చొని చేసుకోండి. చేసుకోవాలె కూడ, ఎందుకంటే మాట్లాడకుండ మింగితే అది కమిటీ ఎన్నికల్లో బయటపడతది.

ఇప్పటిదాక చెప్పినవి ఒక పూటలో మార్చుకోవచ్చు. రిజిస్టర్ అట్ల కాదు.

బాప్తిస్మం రిజిస్టర్లో ‘తండ్రి పేరు’ అని ఒక గడి ఉంటది. మన జిల్లాల్లో ఆడపిల్లను దేవత పేరున విడిచే జోగిని ఆచారం ఉండె. 1988లో దాన్ని నిషేధిస్తూ చట్టమొచ్చింది. ఆ తల్లుల పిల్లలు, వాళ్ల పిల్లలు ఇయ్యాల మన సండే స్కూళ్లలో ఉన్నరు. ఆ గడి కాడ అయ్యగారు పెన్ను ఆపి తలెత్తి చూస్తడు. ఆ చూపు పిల్లకు జీవితాంతం గుర్తుంటది. గడి పేరు మార్చండి: ‘తల్లి / తండ్రి / పెంచినవారు’. ఒక్క పేరు ఉన్నా చాలు. సండే స్కూల్ హాజరు పట్టీకి కూడ అదే.

రెండోది, వలస. పాలమూరు జనం బొంబాయి, పూణె పనులకు పోయి ఆరు నెలలు, తొమ్మిది నెలలు రారు. సంవత్సర చందా కట్టలేదు, సంస్కారం (ప్రభు భోజనం) తీసుకోలేదు అని కమిటీ వాళ్ల పేరు కొట్టేస్తది. ఓటు పోతది. వాళ్లు పండుగకు వచ్చి చూసుకుంటే సొంత సంఘంలో తాము లేరు. రిజిస్టర్లో ‘వలస’ అని వేరే గడి పెట్టండి. పోయిన నెల, పోయిన ఊరు, ఒక ఫోను నంబరు. అక్కడ ఏదైనా సంఘంలో కూడుకుంటే ఆ పాస్టరు చీటీని మన హాజరుగ లెక్కించండి. చందా తిరిగొచ్చినంక కట్టొచ్చని తీర్మానం రాసుకోండి. సంస్కారం మొదటి ఆదివారమే అని కూర్చోకుండ, ఉగాదికి, దసరాకు జనం ఊర్లకు దిగిన వారం ఒకటి అదనంగ పెట్టండి. కానుకలు ఇచ్చినోళ్ల పేర్లు, రూపాయలు మైకులో చదివే అలవాటు కూడ మానాలె. మొత్తం ఎంత వచ్చిందో చదవండి, విడివిడి రశీదు చేతికివ్వండి. యాభై రూపాయలు ఇచ్చిన మనిషి ఐదువేల పక్కన తన పేరు వినడానికి మళ్లీ రాదు. యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకొని వచ్చినాయన సంగతి రాసి ఉన్నది, చదువుకోండి.

మూడోది బాప్తిస్మం. దీని మీద కొంచెం ఆగాలె. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాలు, ముంచే సంఘాలు రెండూ ఇక్కడ కూర్చున్నయి, ఆ తగవు మనకొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు. క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తరు, ఒక్క శాతం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో బాప్తిస్మం పొంది క్రైస్తవంలో ఉన్న మనిషికి ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వకూడదని మళ్లీ చెప్పింది. దీన్ని బాప్తిస్మం అడిగినోళ్లకు ముందే కూర్చోబెట్టి చెప్పాలె. నీళ్లలో దించినంక చెప్పొద్దు. వాళ్లు విని, ఆలోచించి, సరే అంటే సరే. ఆగుతమంటే ఆగనివ్వండి.

ఆగినోళ్లను ఏం చేస్తరు అన్నదే నా ప్రశ్న. ఏండ్ల తరబడి ప్రతి ఆదివారం వచ్చి, ఊడ్చి, చాపలు పరిచి, పాటలు పాడి, బాప్తిస్మం లేనందుకు ‘ఇంకా బయటోళ్లు’ అనిపించుకునేవాళ్లు మన పల్లెల్లో ఎంతమందో. మీ నియమావళి ప్రకారం ఓటు ఇవ్వలేకపోవచ్చు. కానీ పాటల జట్టు, కానుకలు లెక్కించే జట్టు, పరామర్శకు పోయే జట్టు, వీటిల్లో పేరు రాయడానికి ఏ నియమావళీ అడ్డం రాదు. మనిషికి పని అప్పజెప్పండి. ఆ పనికి రాకపోతే ఎందుకు రాలేదని ఒకరు ఫోను చెయ్యాలె. నేను లేకుంటే ఇక్కడ ఒక పని ఆగుతది అని తెలిసినంకనే మనిషి ఇది నా సంఘం అంటడు. ఇంకొక మాట: అడగకుండ ఎవరి ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో, యూట్యూబ్‌లో పెట్టొద్దు. మీకు అది సంతోషం, ఆ మనిషికి పని కాడ, ఊర్లో ఏమవుతదో మీకు తెలియదు.

పెళ్లి కోసం హడావిడి బాప్తిస్మాలు కూడ ఆపాలె. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద ఇద్దరిలో ఒక్కరు క్రైస్తవులైనా పెళ్లి చెయ్యొచ్చు. అమ్మాయినో అబ్బాయినో ముందురోజు రాత్రి ముంచి తేవాలని చట్టం అడగలేదు. రెండు మతాలు అట్లనే ఉంచుకోవాలనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది, ముప్ఫై రోజుల నోటీసు. ఈ రెండు దారులూ చెప్పండి, వాళ్లే ఎంచుకుంటరు.

ఇప్పుడు చాలామంది ఎదురుచూస్తున్న సంగతి, కొందరు తప్పించుకుందామనుకుంటున్న సంగతి. హిజ్రాలు, ట్రాన్స్ మనుషులు, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లలు, మగవాళ్లను ప్రేమించే మగవాళ్లు. వాళ్లు మన సంఘాల్లోకి బయటి నుంచి వచ్చేవాళ్లే అనుకుంటున్నరు మీరు. కాదు, వాళ్లు మన పిల్లలు, మన క్వయర్‌లో పాడుతున్నరు.

చట్టం ఎక్కడున్నదో ముందు తెలుసుకోండి. నిజాం కాలంలో హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, వారెంటు లేకుండ పట్టుకునే చట్టం ఒకటుండె. మన రాష్ట్ర హైకోర్టు 2023లో దాన్ని కొట్టేసింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు మూడో లింగాన్ని గుర్తించింది. 2018 సెప్టెంబరు 6న ఒకే లింగం పెద్దోళ్ల మధ్య ఇష్టపూర్వక సంబంధం నేరం కాదన్నది. 2023 అక్టోబరు 17న మాత్రం, ఒకే లింగం వాళ్ల పెళ్లిని గుర్తించడం పార్లమెంటు పని అని ఆపేసింది. కాబట్టి అట్లాంటి జంటకు మీరు వివాహ రిజిస్టర్లో సంతకం పెట్టించలేరు, పెట్టిస్తమని ఆశపెట్టొద్దు. గృహ ప్రార్థనకు ఇద్దరి పేర్లతో పిలవొచ్చు. పరామర్శ జాబితాలో ఒక ఇంటిగ రాయొచ్చు. ఒకరు దవాఖానల ఉంటే రెండోవాళ్లను ‘మీరెవరు’ అని అడగకుండ పక్కన కూర్చోవచ్చు.

పిల్లను తీసుకొచ్చి, అయ్యగారూ దయ్యం పట్టింది, ఉపవాస ప్రార్థనలో వదిలించండి అని తల్లిదండ్రులు అడుగుతరు. ఇక్కడనే ఎక్కువ నష్టం జరుగుతది. కట్టేసుడు, తిండి ఆపుడు, కొట్టుడు, ఇవన్నీ నేరాలు. ఒకే లింగం వాళ్లను ప్రేమించుడు రోగం కాదని మానసిక వైద్యుల సంఘమే 2018లో చెప్పింది. మార్చే చికిత్స చేసే డాక్టరుది వృత్తి తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్రాల వైద్య మండళ్లకు రాసింది. డాక్టరు చెయ్యకూడని పని పాస్టరు చెయ్యొచ్చా? పిల్లతో విడిగ మాట్లాడండి. ఇంట్లో భద్రంగ ఉన్నవా, చచ్చిపోవాలని అనిపిస్తున్నదా అని సూటిగ అడగండి. అవునంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను లైను టెలీ మానస్ 14416కు ఆ పిల్ల పక్కనే కూర్చొని ఫోను చెయ్యండి. ఆ పిల్ల చెప్పిన మాట ఆమె అనుమతి లేకుండ తల్లిదండ్రులకు కూడ చెప్పొద్దు, ప్రార్థన అంశంగ అసలే చదవొద్దు. మన ప్రార్థన అంశాల చీటీలతోనే ఊర్లో సగం సంగతులు తెలుస్తయి గదా.

ఆడోళ్ల పక్క, మగోళ్ల పక్క అని కూర్చునే సంఘంలో హిజ్రా ఎటు కూర్చోవాలె? తనకు ఎటు ఇష్టమైతే అటు. తలుపు కాడ అడిగే మూడో మాట అందుకే చెప్పిన. రిజిస్టర్లో తాను చెప్పిన పేరు రాయండి, పాత పేరు కోసం తవ్వొద్దు. వాక్యం కావాలంటే యెషయా 56 చదవండి, అపొస్తలుల కార్యములు 8 చదవండి. అక్కడ ఐతియొపీయుడైన నపుంసకుడు నీళ్లు కనబడ్డయి, నాకు బాప్తిస్మానికి ఆటంకమేమి అని అడుగుతడు. సువార్తికుడు ఫిలిప్పు కమిటీ పెట్టలేదు, బాప్తిస్మం ఇచ్చిండు.

మన సంఘాలు ఎప్పటికీ మారవు అనేటోళ్లకు ఒక్క లెక్క. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) 1947లో ఏర్పడింది. ఆడవాళ్లకు గురుపట్టం, అంటే పాస్టరు హోదా, 1976లో ఇచ్చింది. మొదటి మహిళా బిషప్, నంద్యాలలో, 2013లో. ఆలస్యమే. కానీ ఎవరో ఒకరు తీర్మానం రాసి కమిటీ ముందర పెట్టినందుకే అయింది.

చివరిది బొందలగడ్డ. ఉరేసుకొని చనిపోయినోళ్లకు, బాప్తిస్మం లేనోళ్లకు, వెలివేసినోళ్లకు జాగ ఇచ్చేది లేదని శవం గేటు కాడ ఉన్నప్పుడు వాదించే సంఘాలున్నయి. ఆ పూట ఏ కమిటీ కూడ న్యాయంగ ఆలోచించలేదు. అందుకని శవం లేని రోజున రాసుకోండి: ఈ సంఘంలో ప్రార్థనకు కూడుకున్న ఎవరికైనా ఇక్కడ జాగ ఉంటది, రుసుము అందరికీ ఒక్కటే, వరుసలు కుటుంబాల పేరున ఉండవు, తేదీ ప్రకారం ఉంటయి. ఇంటోళ్లు వదిలేసిన ట్రాన్స్ మనిషి, ఒంటరి ముసలామె ఉంటే, శవాన్ని ఎవరు తీసుకోవాలె, ఏ పేరుతో ప్రార్థన చెయ్యాలె అన్నది ఆ మనిషి బతికుండంగనే ఒక కాగితం మీద రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సంఘం బీరువాలో పెట్టండి. చట్టం ముందర ఆ కాగితం అన్నిసార్లూ నిలవకపోవచ్చు, రక్తసంబంధీకులు అడ్డం రావొచ్చు. అయినా వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడటానికి చేతిలో ఆధారమన్న ఉంటది.

ఇప్పుడు టీ. తర్వాత మూడు కాగితాలు పంచుతం: వలస గడి ఉన్న రిజిస్టర్ నమూనా, తలుపు కాడి డ్యూటీ పట్టీ, బొందలగడ్డ తీర్మానం. ఒకే సంఘం నుంచి వచ్చినోళ్లు ఒక్కకాడ కూర్చోండి. రిజిస్టర్ మార్చడానికి మీ నియమావళిలో ఏ అడ్డంకి ఉన్నదో పేజీ నంబరుతో రాసుకొని రండి, భోజనాల లోపల ఒక్కొక్కటి చూద్దాం. కింద కూర్చోలేని వాళ్లకు కిటికీ పక్కన కుర్చీలున్నయి, మీ జట్టును అక్కడికే పిలుచుకోండి.